ఏవ్‌బరీ ఆదివారాలు

ఏవ్‌బరీలో రాళ్లకు గేటు లేదు. స్టోన్‌హెంజ్‌కి వెళితే టికెట్టు కొనుక్కుని, కట్టిన తాడుకు ఇవతలే నిలబడి చూసి రావాలి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. రాళ్ల వలయం లోపలే సగం ఊరు ఉంది. గడ్డికప్పు వేసిన పబ్బు ఉంది. లారీలు తిరిగే తారురోడ్డు వలయాన్ని రెండుగా చీల్చుకుంటూ పోతుంది. రాళ్ల మధ్య గొర్రెలు మేస్తుంటాయి. ఎవరైనా వెళ్లి నాలుగున్నర వేల ఏళ్లనాటి రాతికి వీపు ఆనించి కూర్చోవచ్చు. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద రాతివలయం లేదు. చుట్టూ తవ్విన కందకం ఒకప్పుడు తొమ్మిది మీటర్ల లోతు ఉండేది. దాన్ని జింక కొమ్ములతో తవ్వారు.

మా ఆయన ఉద్యోగం వల్ల 2003లో మేం స్విండన్ చేరాం. పక్కింట్లో ఒక పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. స్విండన్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసిన మనిషి. 1986లో వర్క్‌షాపు మూతపడ్డాక ఖాళీ చేతులతో ఇంట్లో కూర్చోలేక రాళ్ల దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకున్నాడట. ఆయనకు తోడు ఇంకో నలుగురైదుగురు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ, ఒక బస్సు డ్రైవరు, ఒక నర్సు, ఉత్తరాలు పంచే కుర్రాడు. పురావస్తు శాస్త్రంలో పట్టా ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ సంఘానికి పేరూ లేదు, చందా లేదు. "ఆదివారం ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, మాతో రా" అన్నాడు పెద్దాయన ఒకరోజు గోడ మీంచి. స్విండన్ నుంచి డివైజెస్ వెళ్లే 49 నంబరు బస్సు ఎక్కితే అరగంటలో ఏవ్‌బరీ.

ఆ రోజు సన్నగా వాన. నేను ఫొటోలు తీయబోతుంటే, "ముందు చెయ్యి వేసి చూడు" అన్నాడు. వేశాను. నా నడుము ఎత్తు దాకా రాయి నున్నగా, దాదాపు మెరుపెక్కి ఉంది. ఆ పైన గరుకు. "గొర్రెలు. తరతరాలుగా ఒళ్లు రుద్దుకున్నాయి. ఇక కింద చూడు." రాతి మొదట్లో మట్టి కొట్టుకుపోయి, ఒక వైపు గుంటపడి ఉంది. సంచిలోంచి బడిపిల్లల నోటుబుక్కు తీసి, వానకు తడవకుండా కోటు లోపల పెట్టుకుని రాశాడు: తేదీ, గాలి, వాన, రాయి నంబరు, గుంట ఎంత లోతు. కొలిచింది చెక్కస్కేలుతో. అలాంటి నోటుబుక్కులు ఆయన ఇంట్లో అలమార నిండా ఉండేవి. ఏ రాయి పక్కన మట్టి ఎప్పుడు జారింది, ఏ చలికాలం పెచ్చు లేచింది, అన్నీ వాటిలో ఉండేవి. గుంట మరీ పెద్దదైతే అక్కడి సంరక్షణ ఉద్యోగులకు ఉత్తరం రాసేవాడు. వాళ్లొచ్చి మట్టి నింపి, గడ్డి మొలిచేదాకా చుట్టూ తడిక కట్టేవాళ్లు.

చరిత్రలో కూడా ఈ రాళ్లను పట్టించుకున్నది ముందుగా ఇలాంటి మనుషులే. జాన్ ఆబ్రీ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు 1649 జనవరిలో వేటకని వెళుతూ ఈ ఊళ్లోకి వచ్చిపడ్డాడు. అప్పటిదాకా ఊరివాళ్లకు అవి దారికి అడ్డం వచ్చే బండలు. ఆబ్రీ వాటిని చూసి ఆగిపోయాడు. తర్వాత 1663లో రెండో చార్లెస్ రాజునే వెంటబెట్టుకొచ్చి చూపించాడు. ఆయన తర్వాతి తరంలో విలియం స్టూక్లీ. వైద్యుడు. 1719 నుంచి 1724 దాకా ఏటా వచ్చాడు. ఆయన చూస్తుండగానే ఊరివాళ్లు రాళ్లు పగలగొట్టుకుంటున్నారు. రాతి కింద గొయ్యి తవ్వి, గడ్డి వేసి మంట పెట్టి, రాయి ఎర్రగా కాగాక దాని మీద గీతగా చన్నీళ్లు పోసి, సమ్మెటతో ఒక్క దెబ్బ. ఆ ముక్కలతో ఇళ్లు కట్టుకున్నారు. ఏవ్‌బరీ వీధుల్లో గోడలను దగ్గరగా చూస్తే ఆ బూడిదరంగు రాయి ఇప్పటికీ గుర్తుపట్టొచ్చు. పక్కనే గుట్ట మీద ఉన్న చిన్న వలయాన్ని 1724లో మొత్తంగా పీకేశారు. అది నేలమట్టం కాకముందే స్టూక్లీ బొమ్మ గీసి పెట్టుకున్నాడు. 1930లో మాడ్ కనింగ్టన్ అనే డివైజెస్ ఆవిడ ఆ చోటును మళ్లీ వెతికి పట్టుకుంది. ఆవిడా ఆవిడ భర్తా జీతం కోసం ఈ పని చేసినవాళ్లు కారు. ఆ స్థలం కొని దేశానికి ఇచ్చేశారు కూడా.

స్టూక్లీ ఇదంతా డ్రూయిడ్ పూజారులు కట్టిన సర్పాలయం అన్నాడు. అది నిలవలేదు. డ్రూయిడ్లు ఈ రాళ్లకు రెండు వేల ఏళ్ల తర్వాతి వాళ్లు. కానీ పడమటి వైపు రెండు వరసల రాళ్ల బాట ఒకటి ఉందని ఆయన గీసిన బొమ్మను చాలామంది పండితులు కల్పన అని కొట్టిపారేశారు. 1999లో విశ్వవిద్యాలయాల వాళ్లు ఆ పొలాల్లో తవ్వితే పూడ్చిన రాళ్లు, రాళ్లు నిలిపిన గుంటలు బయటపడ్డాయి. ఆ తవ్వకాన్ని కంచె ఇవతల నుంచి చూసిన రోజు గురించి పెద్దాయన ఎన్నిసార్లు చెప్పేవాడో! "వాడి దేవుళ్లు తప్పు, వాడి టేపు ఒప్పు" అనేవాడు. ఆ మాట నాకు చాలాకాలం ఉపయోగపడింది.

ఎందుకంటే మా గుంపులో నమ్మకాలకు కొదవలేదు. టీచరమ్మ రెండు రాగి కడ్డీలు చేత్తో పట్టుకుని రాళ్ల మధ్య నడిచేది. అవి వాటంతట అవే ఒకదానికొకటి అడ్డంగా తిరిగితే అక్కడ భూమిలో శక్తి ఉందని అర్థం. మా వైపు బోరు వేసే ముందు కొబ్బరికాయో వేపపుల్లో పట్టుకుని పొలమంతా తిరిగే మనిషి ఉంటాడని చెబితే ఆవిడ సంబరపడిపోయింది. బస్సు డ్రైవరుకు ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ అంటే ప్రాణం. వాట్కిన్స్ హెర్‌ఫర్డ్ వ్యాపారి, గొప్ప ఫొటోగ్రాఫరు. 1921 జూన్ 30న మ్యాపు చూస్తుంటే పాత గుట్టలు, రాళ్లు, చర్చిలు అన్నీ తిన్నని గీతల మీద ఉన్నట్టు తోచింది. 1925లో దాని మీద పుస్తకం రాశాడు. బ్రిటన్‌లో పాత కట్టడాలు ఎంత దట్టంగా ఉన్నాయంటే, మ్యాపు మీద స్కేలు ఎటు పెట్టినా నాలుగైదు తగులుతాయి. అందుకే ఆ గీతలను నేను నమ్మను. డ్రైవరుతో ఆ మాటే చెప్పాను. "అయితే కాదని తేల్చడానికైనా ఈ గీత వెంట నడుద్దాం రా" అన్నాడు. నడిచాం. ఆ గీత వల్ల కాకపోతే నేను ఎన్నడూ అడుగుపెట్టని పొలాలు, ముళ్లకంచెల్లో కప్పబడిపోయిన రాళ్లు చూశాను. వాట్కిన్స్ తీసిన ఫొటోలు ఇవాళ్టికీ పనికొస్తాయి.

పెద్దాయన మాత్రం అలెగ్జాండర్ థామ్ మనిషి. థామ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ ప్రొఫెసరు. సెలవుల్లో కుటుంబంతో స్కాట్లండ్ తిరుగుతూ వందల వలయాలను స్వయంగా కొలిచాడు. వలయాలు కట్టినవాళ్లందరూ 2.72 అడుగుల ఒకే కొలబద్ద వాడారన్నది ఆయన వాదం. అది మనిషి వేసే అంగకు దగ్గరగా ఉంది కాబట్టి, అంగలు వేసి కొలిచి ఉంటారని నాకు అనిపిస్తుంది. ఈ మాట మీద పెద్దాయనకూ నాకూ ఏళ్ల తరబడి వాదన నడిచింది. ఫిట్టరు కదా, అంగుళంలో పదోవంతు తేడా కూడా ఆయనకు పెద్ద విషయమే. థామ్ గీసిన ప్లాన్లు మాత్రం ఇద్దరికీ శిరోధార్యం.

2004 వసంతంలో రోల్‌రైట్ వెళ్లాం. ఆక్స్‌ఫర్డ్‌షైర్, వారిక్‌షైర్ సరిహద్దులో సున్నపురాళ్ల వలయం అది. గాలికి వానకు తొర్రలుపడి వంకరటింకరగా ఉండే రాళ్లు. ఎవరు లెక్కపెట్టినా రెండుసార్లు ఒకే లెక్క రాదని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. మేం వెళ్లేసరికి వలయం పొడవునా పసుపుపచ్చ పెయింటు చిమ్మి ఉంది. ఏప్రిల్ మొదట్లో ఎవరో రాత్రిపూట చేసిన పని. టీచరమ్మ ఏడ్చింది. రాయికేముంది, కడిగితే పోతుంది కదా అనుకున్న నాకు నర్సు దగ్గరికి పిలిచి చూపించింది. ఆ రాళ్లంతటా రాతిపువ్వు పట్టి ఉంది. మన బిర్యానీలో వేసే దానికి చుట్టమే. బూడిదరంగు, నారింజరంగు, ఆకుపచ్చ పొరలు. వాటిలో కొన్ని వందల ఏళ్ల వయసున్నవి. అరచేతి వెడల్పు పెరగడానికి మనుషుల తరాలు పడతాయి. పెయింటు కరిగించే మందు ఏది పూసినా ముందు చచ్చేది అదే. అందుకని ఆ శుభ్రం చేసే పని నిపుణులు అంగుళం అంగుళం చొప్పున చెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత రాతి మీద చెయ్యి వేసే ముందు ఎక్కడ వేస్తున్నానో చూసుకోవడం నాకు అలవాటైంది.

మేం మా చేతులతో చేసిన పని ఒకటుంది. ఏవ్‌బరీకి దగ్గర్లో వెస్ట్ కెనెట్ దిబ్బ. దాదాపు క్రీ.పూ. 3650లో కట్టిన సమాధి. వంద మీటర్ల పొడవు. తూర్పు కొసన పెద్ద రాళ్లతో కట్టిన ఐదు గదులు. ముప్పై ఆరుమందికి తక్కువ కాకుండా మనుషుల ఎముకలు అందులో దొరికాయి. శతాబ్దాల తరబడి వాడిన శ్మశానం అనుకునేవాళ్లు. తర్వాత జరిపిన కార్బన్ పరీక్షల్లో ఒక్క తరంలోనే వాళ్లందరినీ అక్కడ ఉంచారని తేలింది. అంటే ఒకరినొకరు ఎరిగిన మనుషులు. జనం లోపల దీపాలు పెట్టి వెళతారు. చిన్న రేకు గిన్నెల్లో ఉండే మైనపు దీపాలు. పూలు, రిబ్బన్లు, అగరొత్తులు, ఒక్కోసారి సగం తిన్న కేకు. భక్తితో పెట్టినవే. కానీ మంట వేడికి రాయి పెచ్చులూడుతుంది, పైన మసి పడుతుంది. మేం రేకు గిన్నెలు, చెత్త మాత్రం సంచిలోకి ఏరేవాళ్లం. రాతికి అంటిన మైనాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు పెద్దాయన. అది నేర్చినవాళ్ల పని. ఎక్కడ ఎంత మసి ఉందో నోటుబుక్కులో బొమ్మ గీసుకునేవాడు. వాడిన పూలను మాత్రం సంచిలో కలపనిచ్చేది కాదు టీచరమ్మ, బయట కంచె మొదట్లో వేసేది. మా ఊళ్లో నిర్మాల్యాన్ని తొక్కని చోట వేసినట్టే.

మా అమ్మ వచ్చిన వేసవి నేను మరిచిపోలేను. మాది పాలమూరు వైపు. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఏవ్‌బరీలో ఒక పెద్ద రాతి ముందు చెప్పులు విడిచి దండం పెట్టింది. "ఏ దేవుని గుడి బిడ్డా ఇది?" అంది. తెలియదన్నాను. "తెల్వకపోతే ఏమైతది, పెద్దది గదా" అని రాతిని తాకి కళ్లకద్దుకుంది. అక్కణ్నుంచి ఫైఫీల్డ్ మైదానానికి నడిచాం. అక్కడ బూడిదరంగు బండలు వందలాదిగా గడ్డిలో పడి ఉంటాయి. దూరం నుంచి పడుకున్న గొర్రెలే అనుకుంటాం. వాటిలో ఒక బండ మీద పక్కపక్కనే పొడవాటి గాడులు, ఒక పక్క తాంబాళంలా నున్నటి పల్లం ఉన్నాయి. పెద్దాయన ఏమీ చెప్పకుండా అమ్మను చూడమన్నాడు. అమ్మ వంగి, గాడిలో వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు లాగింది. "ఈడ ఏదో నూరిన్రు బిడ్డా. కొడవలి నూరితె గిట్లనే గాడి పడతది" అంది. నేను ఇంగ్లీషులో చెప్పగానే పెద్దాయన టోపీ తీసేశాడు. అది రాతిగొడ్డళ్లు నూరిన బండ. ఇసుక, నీళ్లు వేసి, గంటల తరబడి అరగదీసి పదును పెట్టేవాళ్లు. తనకు అది అర్థం కావడానికి పుస్తకం కావాల్సి వచ్చిందన్నాడు. అమ్మ అన్న మాటను ఆ రోజు పేజీలో నా చేత తెలుగులోనే రాయించుకున్నాడు.

తిరుగు బస్సులో అమ్మ మా ఊరి రాకాసి గుళ్ల సంగతి చెప్పింది. గుండ్రంగా పేర్చిన బండలు, మధ్యలో రాతిపెట్టెలు. చిన్నప్పుడు అటు పోవడానికి భయపడేవాళ్లట. "ఇప్పుడు ఆడ ప్లాట్లు పడ్డయ్" అంది. పెద్దాయనకు అనువదించి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఏవ్‌బరీలో కూడా ప్లాట్లు పడ్డాయన్నాడు. 1871లో వలయంలోని నేల ఇళ్ల స్థలాలుగా అమ్ముడుపోతుంటే జాన్ లబక్ అనే బ్యాంకరు కొనేశాడు. బ్యాంకు సెలవుల చట్టం తెచ్చింది కూడా ఆయనే, ఆ ఏడాదే. పార్లమెంటు సభ్యుడు కాబట్టి పురాతన కట్టడాల రక్షణకు చట్టం కావాలని ఏళ్ల తరబడి పట్టుబట్టి, 1882లో సాధించాడు. తర్వాత ప్రభువు బిరుదు ఇచ్చినప్పుడు ఏవ్‌బరీ పేరే పెట్టుకున్నాడు. ఆ కథ వింటుంటే మా ఊరికి ఒక్క లబక్ ఉంటే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

లబక్ తర్వాత వచ్చిన అలెగ్జాండర్ కీలర్ విషయంలో నాకు మనసు అంత తేలిగ్గా ఒప్పదు. మార్మలేడ్ వ్యాపార కుటుంబం ఆస్తి ఖర్చుపెట్టి 1930లలో పూడిపోయిన రాళ్లను తవ్వి నిలబెట్టాడు. లేని రాళ్ల చోట కాంక్రీటు గుర్తులు పెట్టించాడు. 1938లో ఒక రాయి కింద మధ్యయుగపు మనిషి అస్థిపంజరం దొరికింది. పక్కన కత్తెర, వైద్యుడి పనిముట్టు, 1320ల నాటి నాణేలు. కీలర్ లేకపోతే ఇవాళ మనం చూసే ఏవ్‌బరీ లేదు. అయితే వలయం కోసం లోపలి ఇళ్లు కొన్ని కూల్చేశారు, అక్కడివాళ్లు పక్క ఊరికి తరలిపోవాల్సి వచ్చింది. రాయిని ప్రేమించడంలో మనిషిని పక్కకు నెట్టడం ఎంత తేలికో అక్కడ కనిపిస్తుంది.

అమ్మ వెళ్లిపోయాక లైబ్రరీలో మెడోస్ టేలర్ వ్యాసం చదివాను. నిజాం కొలువులో పనిచేసిన ఆ దొర షోరాపూర్ ప్రాంతంలో ఇలాంటి సమాధులు తవ్వి, కొలిచి, బొమ్మలు గీసి, 1860లలో ఐర్లండ్ రాయల్ అకాడమీ పత్రికలో అచ్చువేశాడు. దక్కను రాళ్లూ బ్రిటన్ రాళ్లూ ఒకే జాతి వాళ్లు నిలిపినవి అనుకున్నాడు. అది నిజం కాదు, మనవి వీటికంటే చాలా తర్వాతివి. బొమ్మలు మాత్రం ఎంత శ్రద్ధగా గీశాడో! పెద్దాయన ఆ పేజీలు జిరాక్సు తీయించుకున్నాడు.

2020లో స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్లు చాలామటుకు మా దగ్గరి వెస్ట్ వుడ్స్ అడవి నుంచి వెళ్లాయని తేలింది. ఆ సంగతి తేలడానికి కారణం ఒక పనివాడు గుర్తుగా దాచుకున్న ముక్క. 1958లో మరమ్మతు కోసం ఒక రాతికి రంధ్రం వేసినప్పుడు బయటికొచ్చిన రాతికడ్డీని రాబర్ట్ ఫిలిప్స్ అనే ఆయన దాచుకున్నాడు. అరవై ఏళ్లు తన దగ్గర భద్రంగా ఉంచుకుని, తొంభై ఏళ్ల ముంగిట 2018లో తిరిగి ఇచ్చాడు. ఆ ముక్కను పరీక్షించి రాయి పుట్టిల్లు పట్టుకున్నారు. ప్రతి వసంతంలో నీలిపూలు చూడ్డానికి ఆ అడవికే వెళ్లేవాళ్లం. అక్కడి బండలు మాకు ఎప్పటినుంచో తెలుసు.

2024 ఆగస్టులో ఇంకో కబురు. స్టోన్‌హెంజ్ నడిమధ్యన పడి ఉన్న ఆరు టన్నుల రాయి వేల్స్ నుంచి కాదు, 750 కిలోమీటర్ల దూరంలోని ఈశాన్య స్కాట్లండ్ నుంచి వచ్చిందట. ఖనిజపు రేణువుల వయసును బట్టి కనిపెట్టిన విద్యార్థి వేల్స్‌లోని ప్రెసెలీ కొండల్లో పెరిగినవాడు. స్టోన్‌హెంజ్ నీలిరాళ్లు వచ్చిందీ ఆ కొండల నుంచే. కొద్ది వారాలకే అది ఓర్క్నీ ప్రధాన ద్వీపం రాయి కాదని మరో పరిశోధన తేల్చింది. మరి ఎక్కడిది? ఎలా తెచ్చారు?

పెద్దాయనకు ఎనభై దాటాయి. బస్సు ఎక్కలేడు, అందుకని ఆదివారాలు అందరం ఆయన ఇంట్లోనే కూర్చుంటాం. రాయిని సముద్రం మీద తెచ్చారంటాడు ఆయన. తెడ్లు ఎన్ని, పడవ ఎంత మునుగుతుంది, అన్నీ లెక్కకట్టి పెట్టాడు. నేల మీదనే తెచ్చారని నా వాదం. మన ఊళ్లలో తేరు లాగినట్టు లాగి ఉంటారు, ఒక ఊరివాళ్లు పొలిమేర దాకా లాగితే తర్వాతి ఊరివాళ్లు తాడు అందుకుని ఉంటారు, అంత దూరం నుంచి తేవడంలోని అర్థమే అది అంటాను. "తేరు బరువెంత? ఎంతమంది లాగుతారు? తాడు మందమెంత?" అని అడిగాడు. ఊళ్లో మేనమామకు ఫోన్ చేశాను. మామ గుడికి పోయి తాడు కొలిచి చెప్పాడు. బరువు మాత్రం ఎవరూ ఎన్నడూ తూచలేదట. ఆ మాట చెబితే పెద్దాయన కొత్త నోటుబుక్కు తెరిచాడు. "చక్రాల కొలతలు, చెక్క ఏ చెట్టుదో కనుక్కో. బరువు నేను కడతాను" అన్నాడు.